ఇంటి దుఃఖమే నవలకు ఇరుసు
'వేయిపడగలు' వెనుక వరలక్ష్మమ్మ

తెల్లవారుజామున గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లి స్టేషన్‌లో ఆగితే మన జిల్లా వాళ్ళు కొందరైనా దిగుతారు. కొడుకు ఉద్యోగం చూసి పోదామని వచ్చినవారు, ఆస్పత్రి పని మీద వచ్చినవారు, సెక్రటేరియట్‌లో కాగితం కదిలించుకుందామని వచ్చినవారు. అది ఆదివారమైతే ఆఫీసులు ఉండవు. పొద్దుపోక స్టేషన్ ముందు రోడ్డు పట్టుకుని నడిస్తే ఆబిడ్స్ వస్తుంది. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియా దేశస్థుడు ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆయన పేరే ఈ పేటకు నిలిచిపోయింది. ఆదివారం పెద్ద దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగ్ గైడ్లు, ఇంగ్లీషు డిటెక్టివ్‌లు, అట్టలు ఊడిన వారపత్రికల మధ్య తెలుగు నవలలు కూడా కనిపిస్తాయి. వాటిలో ఇటుకంత లావున ఉండే పుస్తకం ఒకటుంటుంది. అది విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు'.

ఆ పుస్తకం పేరు మన పల్లెల్లో వినని వారుండరు. పూర్తిగా చదివినవారు మాత్రం తక్కువే. సనాతన ధర్మం గురించిన పుస్తకమని కొందరు చెబుతారు. జమీందారీలు, అగ్రహారాలు పోయిన కథ అని మరికొందరు అంటారు. రెండూ నిజమే. అయితే ఆ వెయ్యి పేజీల కింద ఒక ఇంటి దుఃఖం ఉంది. భార్యను పోగొట్టుకున్న మగవాడు, ఆ చావు తడి ఆరకముందే రాసిన నవల అది. ఈ సంగతి తెలిసి చదివితే పుస్తకం మరోలా కనిపిస్తుంది.

నందమూరు శోభనాద్రి గారు

విశ్వనాథ 1895 సెప్టెంబరు 10న కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. తల్లి పార్వతమ్మ, తండ్రి శోభనాద్రి. శోభనాద్రి గారు కలిగినవారు. ఆయన చేతికి ఎముక లేదని చెప్పుకునేవారు. కాశీ నుంచి లింగాన్ని తెచ్చి ఊళ్ళో విశ్వేశ్వరుడికి గుడి కట్టించారు. అడిగినవాడికి లేదనకుండా ఇచ్చారు. ఇచ్చి ఇచ్చి కరిగిపోయారు. కొడుకు చదువుకు వచ్చే నాటికి ఆ ఇంట్లో పాత పేరే మిగిలింది, పాత కలిమి మిగల్లేదు. వీధిబడి చదువు తరువాత బందరు హైస్కూలులో విశ్వనాథకు చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు గురువుగా దొరికారు. అది అదృష్టం. తక్కినదంతా ఇబ్బందే.

పల్లెటూరి పాఠకుడికి ఈ కథ కొత్తది కాదు. ప్రతి ఫిర్కాలోనూ ఇలాంటి ఇల్లు ఒకటుంటుంది. తాత దానం చేశాడు, తండ్రి హామీ సంతకాలు పెట్టాడు, మనవడు పెంకుటింటి దూలాలు అమ్ముకున్నాడు. ఆ తాతను తలచుకున్నప్పుడు ఆ ఇంటివాళ్ళకు గర్వం, కోపం రెండూ కలుగుతాయి. ఒకే పూటలో రెండూ కలగవచ్చు. విశ్వనాథ ఆ రెండింటిలో గర్వాన్నే ఎంచుకున్నారు. 'వేయిపడగలు'లో కథానాయకుడు ధర్మారావు. అతని తండ్రి రామేశ్వరశాస్త్రి. కలిమిలో పుట్టి, చేతికి అడ్డు లేకుండా ఇచ్చి, కొడుక్కి దరిద్రాన్ని వదిలి పోయిన మనిషి. రామేశ్వరశాస్త్రిలో శోభనాద్రి గారు ఉన్నారని సాహిత్యం తెలిసినవారు ఏనాడో గుర్తుపట్టారు. నవలలో ధర్మారావు తండ్రిని ఒక్కమాట అనడు. కూటికి కష్టమైన రోజున కూడా అనడు.

వరలక్ష్మమ్మ

విశ్వనాథకు ఆ రోజుల ఆచారం ప్రకారం చిన్నతనంలోనే పెళ్ళయింది. భార్య వరలక్ష్మమ్మ. ఆమె గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. గొప్పవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ సంగతి ఎప్పుడూ ఇంతే. భర్త పేరు దేశమంతా తెలుస్తుంది, ఆమె వంటింటి వాసాలకే తెలుస్తుంది. విశ్వనాథ సహాయ నిరాకరణోద్యమం రోజుల్లో చేస్తున్న ఉద్యోగం వదిలారు. బందరు జాతీయ కళాశాలలో కొన్నాళ్ళు పనిచేశారు. మాట పడే మనిషి కాదు. అలాంటి మగవాడి ఇంట్లో నెల గడపడం ఎవరి వంతో వేరే చెప్పనక్కరలేదు.

ఆమె 1930ల తొలి ఏళ్ళలో చనిపోయింది. ఆ దుఃఖంలో విశ్వనాథ 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. త్రిశతి అంటే మూడు వందల పద్యాలు. ఇంట్లో చావు జరిగితే మన ఆడవాళ్ళు శోకాలు పెడతారు. పోయినవారి పేరు పెట్టి పిలుస్తూ, వాళ్ళు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఎవరితో ఏం మాట అన్నారో వరుసగా చెప్పుకుని ఏడుస్తారు. చెవి పెట్టి వింటే అది పోయిన మనిషి జీవిత చరిత్రే. మగవాడికి ఆ వీలు లేదు. వీధి అరుగు మీద తలవంచుకుని కూర్చోవాలి. పెద్దకర్మ నాటికి తేరుకోవాలి. ఏడాది లోపల పెళ్ళి మాట వస్తే వినాలి. విశ్వనాథ కవి కనుక తన శోకాన్ని పద్యాల్లో పెట్టుకున్నారు.

అంతటితో అది తీరలేదు.

29 రోజులు

1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెట్టింది. విశ్వనాథ ఆ పోటీ కోసం 'వేయిపడగలు' రాశారు. 29 రోజుల్లో పూర్తయిందని ప్రసిద్ధి. బహుమతిని ఆ నవలకూ, అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'కూ కలిపి ఇచ్చారు. బాపిరాజు గారిది కూడా 1895లో పుట్టుకే. తరువాత ఆయన 1940లలో హైదరాబాదుకు వచ్చి 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకులుగా ఉన్నారు.

కథ జరిగేది సుబ్బన్నపేట అనే ఊళ్ళో. ఆ ఊరిని కాచే సుబ్రహ్మణ్యేశ్వరుడు ఉన్నాడు. గుళ్ళో వేణుగోపాలస్వామి ఉన్నాడు. పూనకంతో ఊరి మంచిచెడ్డలు చెప్పే గణాచారి ఉంది. పాములా మెలిగే పసరిక అనే పిల్లవాడున్నాడు. స్వామినే భర్తగా భావించి ఆడే గిరిక ఉంది. కోటలో జమీందారు ఉన్నాడు. వెయ్యి పడగల పాము ఒకటి ఊరి ధర్మాన్ని మోస్తూ ఉంటుంది. కాలం మారినకొద్దీ ఒక్కొక్క పడగే రాలిపోతుంది. గుడి పాడవుతుంది, కోట పోతుంది, చదువులు మారతాయి. చివరికి రెండు పడగలు మిగులుతాయి. ఆ రెండు పడగలు భార్యాభర్తలు. దాంపత్య ధర్మం ఒక్కటే మిగిలిందని రచయిత చెప్పదలచుకున్న మాట.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఆ మాట రాసిన మనిషి భార్యను పోగొట్టుకున్నవాడు. లోకంలో అన్నీ పోయినా భార్యాభర్తల బంధం పోదని, ఆ బంధమే తెగిపోయినవాడు రాశాడు. వాదం గెలవడానికి రాసిన మాటగా చూస్తే అది పాతకాలపు మాటలా ఉంటుంది. పోయిన మనిషిని పట్టుకుని వదలనివాడి మాటగా చూస్తే దాని బరువు వేరు.

నవలలో ధర్మారావు భార్య అరుంధతి. పెద్ద మాటలు మాట్లాడే మనిషి కాదు. పేదరికంలో సంసారం ఈదుకొస్తుంది. భర్త చుట్టూ జమీందార్లు, కవులు, వేదాంతం, వాదప్రతివాదాలు. ఆమె చుట్టూ పొయ్యి, పిల్లలు, ఉన్నదీ లేనిదీ. నవల నడుస్తూ ఉండగా ఆమె చనిపోతుంది. పుస్తకంలో ఎన్నో చావులున్నాయి, ఊరికి ఊరే పోతుంది. అయినా అరుంధతి పోయిన చోట రచయిత గొంతు మారిపోతుంది. అంతవరకు పండితుడిలా మాట్లాడినవాడు అక్కడ ఇంటి మనిషిలా మాట్లాడతాడు. ఆమెలో వరలక్ష్మమ్మ ఉందని అప్పటి నుంచి పాఠకులు అనుకుంటూనే ఉన్నారు. అలా అనుకోవడంలో తప్పేమీ కనిపించదు.

నవల గురించి తగువు నేటికీ తెగలేదు. పాత వ్యవస్థను నెత్తిన పెట్టుకున్నదనీ, కింది కులాల వారి కష్టం అందులో కనపడదనీ విమర్శ ఉంది. ఆ విమర్శ తీసిపారేయదగ్గది కాదు. గుడి పోయిందని రచయిత ఏడ్చిన ఏడుపు, ఆ గుళ్ళోకి రానివ్వని మనిషికి ఎందుకు పట్టాలి? అయితే అరుంధతి చావు దగ్గర ఆ తగువులేవీ పనిచేయవు. భార్య పోయిన మాలపల్లి మగవాడికీ, అగ్రహారం మగవాడికీ ఆ పేజీలు ఒకేలా తగులుతాయి.

అన్ని ఏడుపులూ ఇంటివి కావు

ఏడుపు కథ కనిపించగానే రచయిత ఇంట్లో చావు వెతకడం కూడా పొరపాటే. మన వాళ్ళకు శరత్‌బాబు నవలలు చక్రపాణి గారి అనువాదాల వల్ల సొంత నవలల్లా అయ్యాయి. 1953లో నాగేశ్వరరావు 'దేవదాసు' వచ్చాక ఆ ఏడుపు ఊరూరా పాకింది. శరత్ భార్యా, పసికొడుకూ రంగూనులో ప్లేగు వచ్చి పోయారు. కనుక 'దేవదాసు' ఆ దుఃఖం నుంచే వచ్చిందని ఎవరైనా అనేస్తారు. కానీ ఆ కథ 1917లో అచ్చయినా, శరత్ దాన్ని రాసింది పెళ్ళికి, ప్లేగుకు చాలా ముందే. విశ్వనాథ సంగతి కూడా కొంత అంతే. 'కిన్నెరసాని పాటలు'లో భార్య కరిగి వాగై పోతుంది, భర్త ఆమె కోసం ఏడ్చి గుట్టైపోతాడు. అది రాసేనాటికి వరలక్ష్మమ్మ బతికే ఉంది. ఎడబాటు ఆయనకు ముందు నుంచీ ఇష్టమైన వస్తువు. తరువాత అది నిజంగానే ఇంటికి వచ్చింది.

ప్రేమ్‌చంద్ విషయంలో సంబంధం తిన్నగానే కనిపిస్తుంది. ఆయనకు ఏడెనిమిదేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 'నిర్మల' నవలంతా ముసలి మొగుడు, సవతి పిల్లలు, పడుచు సవతి తల్లి. హిందీ పాఠంలో పిల్లలు చదువుకునే 'ఈద్‌గాహ్' కథలో హమీద్ తల్లీ తండ్రీ లేనివాడు. నాయనమ్మ చెయ్యి కాలుతోందని పండగ డబ్బుతో పట్టకారు కొనుక్కొస్తాడు. తల్లిని పోగొట్టుకున్నవాడికే ఆ పట్టకారు తట్టి ఉంటుంది.

అదే మట్టి, వేరే కోపం

ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద 'వేయిపడగలు' పక్కన తరచు కనిపించే మరో పుస్తకం గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'. ఈయనదీ కృష్ణా జిల్లానే. 1910లో అంగలూరులో పుట్టారు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పురాణాలను ప్రశ్నించిన హేతువాది. ఆయన 1943లో కన్నుమూశారు. కొద్ది ఏళ్ళకే ఈ నవల వచ్చింది. ఎందుకు అని అడగడం తనకు నేర్పినందుకు గోపీచంద్ దాన్ని తండ్రికే అంకితమిచ్చారు.

నవల కథ ఇది. సీతారామారావు తండ్రి చావు మంచం మీద కొడుకును పిలిచి వంశ ప్రతిష్ఠ నిలబెట్టమంటాడు. కొడుకు ఆ మాట నిలబెట్టాలని చేతికి వచ్చినట్టు ఇచ్చేస్తాడు. ఆస్తి పోతుంది. ఆ తరువాత లోకం మీద, భార్య మీద, తన మీద కసి పెరుగుతుంది. ఆఖరికి శ్మశానంలో ముగుస్తాడు.

రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ ఇచ్చి ఇచ్చి చితికిన ఇల్లే. విశ్వనాథ ఆ ఇవ్వడాన్ని ధర్మమన్నారు. గోపీచంద్ దాన్ని జబ్బు అన్నారు. ఒకరు చితికిన తండ్రి కొడుకు. మరొకరు ప్రశ్నించమన్న తండ్రి కొడుకు. సొంత ఇంట్లో పడ్డ కష్టాన్ని తిట్టడానికి నోరు రాదు కాబోలు, పక్కింటి కష్టాన్ని అయితే నిలబెట్టి అడగవచ్చు. గోపీచంద్ 1962 నవంబరులో పోయారు. మరుసటి ఏడు 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగు నవలకు ఆ బహుమతి రావడం అదే మొదలు. అందుకోవడానికి ఆయన లేరు.

మూడో మనిషి చలం. విశ్వనాథ కన్న ఒక ఏడాది పెద్ద. తండ్రి తల్లిని కొడుతుంటే చూస్తూ పెరిగానని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ పిల్లవాడు పెద్దవాడై రాసిన ప్రతి నవలా కాపురమనే దాని గడప మీద తన్నింది. దాంపత్యం ఒక్కటే మిగులుతుందని ఒకరు, దాంపత్యమే ఆడదాని చెర అని మరొకరు. ఇద్దరూ తాము ఇంట్లో చూసిన ఆడమనిషి కోసమే రాశారు. ఈ మాట ఇద్దరి భక్తులకూ నచ్చకపోవచ్చు.

ఆడవారి లెక్క వేరు

ఇంకో సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. భార్య పోయిన విశ్వనాథ పద్యాలు రాసుకున్నారు, నవల రాసుకున్నారు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. నవలలో ధర్మారావు కూడా మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు. భర్తే పోయి వరలక్ష్మమ్మ మిగిలి ఉంటే? వీరేశలింగం గారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. ఆ తరువాత 53 ఏళ్ళకు 'వేయిపడగలు' వచ్చింది. అప్పటికీ అలాంటి ఇళ్ళల్లో విధవరాలికి మరో పెళ్ళి లేదు, కలం కాగితం అంతకన్నా లేవు. గది మూల ఉండేది.

కలం పట్టిన తల్లి ఒకామె అంతకు ముందే మన ప్రాంతంలోనే పుట్టింది. బండారు అచ్చమాంబ. 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో జననం. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్ళకు పెళ్ళి. పుట్టిన కొడుకూ కూతురూ ఇద్దరూ పోయారు. ఆమె తల్లిదండ్రులు లేని పిల్లలను తెచ్చి ఇంట్లో పెట్టుకుని సాకింది. దేశంలో పేరు పొందిన స్త్రీల చరిత్రలన్నీ ఏరి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1902లో 'ధనత్రయోదశి' అనే కథ రాసింది. పిల్లల మీద శోక కావ్యం రాయలేదు. 1905లో ముప్ఫై దాటీ దాటకుండానే పోయింది. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారిలో ఒకరు. అది ఆబిడ్స్‌కు నడకదూరంలో సుల్తాన్‌బజారులో ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు అదొక పెద్ద దిక్కైంది. అక్కే ఆ తమ్ముడికి చదువుకునే రోజుల్లో అండగా ఉంది.

తండ్రి మాట

విశ్వనాథకు పోయిన తండ్రి బాకీ ఒకటి మిగిలింది. రామాయణం రాయమని శోభనాద్రి గారు కొడుకును ఆదేశించారు. ఆ మాట కోసం, తన లోపలి బాధ కోసం రాశానని కవి చెప్పుకున్నారు. 'రామాయణ కల్పవృక్షం' దాదాపు ముప్ఫై ఏళ్ళ పని. బెజవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో పాఠాలు చెబుతూ, 1959 నుంచి రెండేళ్ళు కరీంనగరు కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉంటూ సాగించారు. దానికే 1970 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. బెజవాడలో ఆయన శిష్యుడైన ఎన్.టి. రామారావు ఆయన నవల 'ఏకవీర' సినిమాలో నటించారు. అది 1969 మాట. అంతకు ముందు ఏడు, అంటే 1968లో, పి.వి. నరసింహారావు గారు 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. అప్పట్లో ఆయన రాష్ట్ర మంత్రి. ప్రధాని కావడానికి ఇంకా 23 ఏళ్ళుంది. విశ్వనాథ 1976 అక్టోబరు 18న గుంటూరులో కన్నుమూశారు.

'వరలక్ష్మీ త్రిశతి' దొరకడం కష్టం. 'వేయిపడగలు' మాత్రం అచ్చవుతూనే ఉంది. హైదరాబాదు దాకా పోనక్కరలేదు, చాలా శాఖా గ్రంథాలయాల్లో అట్ట చిరిగిన ప్రతి ఒకటి ఉంటుంది. లావు చూసి బెదరవలసిన పని లేదు. మొదటి వంద పేజీలు సంస్కృత మాటలతో కొంచెం బిగువుగా నడుస్తాయి. అక్కడ ఓపిక పడితే గణాచారి, గిరిక, పసరిక ఊళ్ళో మనుషుల్లా అలవాటైపోతారు. విశ్వనాథ తరువాతి నవలలు ఎన్నో ఆయన నోటితో చెబుతుంటే వేరొకరు రాసుకున్నవి. ఆయన వాక్యం వినడానికి పనికివస్తుంది. కళ్ళు ఆనని పెద్దలుంటే, రాత్రి భోజనాలయ్యాక పదిహేనేసి పేజీలు మనవరాలు చదివితే సంక్రాంతికి మొదలుపెట్టినది ఉగాదికి అయిపోతుంది.